ఆ చెప్పుల జత ఎవరిదో ముందు చెప్పండి (స్పాయిలర్లు ఉన్నాయి)

లంకగడ్డ_చిన్నోడు
నిన్న ఫస్ట్ షోకి వెళ్ళొచ్చాను. సినిమా పేరు రాయడం లేదు, రాస్తే అభిమానులు దిగిపోయి థ్రెడ్ మూయించేస్తారు. ఏదో మీకు తెలుసు. గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున చిన్న టౌను, అమావాస్యకో శవం, కొత్తగా వచ్చిన ఎస్సై, అదీ. ట్రైలర్లో మన ఏరు, మన రేవు కనపడేసరికి మురిసిపోయి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళాను. మా అత్తగారిని కూడా. వచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఇంతకీ మొదటి ముగ్గుర్నీ చంపిందెవరు?" ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాక కూడా నాకు తేలలేదు.

కొబ్బరి వ్యాపారి చంపాడా, ఫ్లాష్‌బ్యాక్‌లో వరదకి మునిగిపోయిన ఆ పిల్ల ఆత్మ చంపిందా? ఆత్మే చంపితే ఎస్సై గంటన్నర సేపు పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) టికెట్ ముక్కలూ, లాకు (కాలవ గేటు) హ్యాండిల్ మీద గ్రీజు మరకలూ ఎందుకు ఏరుకున్నట్టు? వ్యాపారే చంపితే టీచరమ్మ ఒంట్లోకి ఆత్మ ఎందుకు దూరినట్టు?

అవన్నీ పోనీ. మొదటి శవం దొరికిన సీన్లో రేవు మెట్ల మీద హవాయి చెప్పుల జత ఉంటుంది, ఏటి వైపు తిరిగి. ఎస్సై వంగి శవాన్ని చూసి లేస్తాడు. అప్పటికి అవే చెప్పులు ఊరి వైపు తిరిగి ఉంటాయి. హాల్లో ఒకావిడ "అమ్మో" అంది కూడా. ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా ఆ చెప్పుల ఊసు లేదు. అవి ఎవరివి?

నేలటికెట్టు_బాబ్జీ
నేను ఇంటర్వెల్లో లేచొచ్చేశా. బండి పంక్చరైతే ఆ టైములో అతికించుకున్నా. నాకైతే బ్రహ్మాండమైన సినిమా.

భీమవరం_బుల్లోడు
నేను సెకండాఫ్ మీద దింపుడుకళ్ళం ఆశ పెట్టుకుని కూర్చున్నా. శవం లేవలేదు.

కోటిపల్లి_పాసింజరు
నా నమ్మకం హీరో ఎంట్రీ దగ్గరే పోయింది. కోనసీమ నడిమధ్యలో రైలు దిగాడండీ ఆ ఎస్సై! ప్లాట్‌ఫారం, పొగమంచు, వెనకాల కొబ్బరిచెట్లు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో పీకేశారు. మళ్ళీ 2004లో వేశారు. కోటిపల్లి నుంచి గౌతమి దాటి అమలాపురం, అక్కణ్ణుంచి నరసాపురం అన్న లైను కోసం మా తాత ఎదురుచూసి పోయాడు, మా నాన్న ఎదురుచూస్తూ రిటైరయ్యాడు. ఈ డైరెక్టరు ఒక్క షాట్లో తెచ్చేశాడు. సినిమా మొత్తంలో అసలైన మానవాతీత శక్తి అదే.

శైలు_పాలకొల్లు
మా హాల్లో వెనక వరసలో ఒకాయన "ఏ స్టేషనండీ ఇది, చెబితే మేమూ దిగుతాం" అన్నాడు. దెయ్యం వచ్చినప్పుడు కూడా అంత గోల లేదు.

ఎడిటింగ్_బల్ల
ఈ లైన్లోనే పనిచేస్తాను కాబట్టి కొంచెం అడ్డం పడతా. ఊరు కల్పితం అని మొదట్లోనే కార్డు వేశారు. కల్పిత ఊరికి కల్పిత రైలు. దాన్ని పట్టుకుని వేలాడితే ఎలా? చెప్పుల సంగతంటారా, అది కంటిన్యుటీ తప్పు. చూసుకోవాల్సిన అసిస్టెంటు ఆ పూట టిఫినుకి వెళ్ళి ఉంటాడు. అంతకు మించి ఏమీ లేదు.

లంకగడ్డ_చిన్నోడు
అంత క్లోజప్పులో తప్పు వదిలేస్తారా? నమ్మను. ఇంకోటి కూడా చెప్పడం మరిచాను. అదే సీన్లో దూరంగా ఏట్లో ఒక తల తేలుతూ కనపడుతుంది, కుడివైపు. అది నాలుగో శవం అనుకుని నేను లెక్క కూడా వేసుకున్నా. దాన్నీ చెప్పలేదు.

నేలటికెట్టు_బాబ్జీ
దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా గురూ. వెనక్కి తిరిగిన పాదాలకు చెప్పులు ఎటు తిరిగుంటే సరిపోతాయో ఆలోచించండి. డైరెక్టరు చాలా లోతుగా వెళ్ళాడు.

భీమవరం_బుల్లోడు
అంత లోతుకి వెళ్ళే బయటికి రాలేకపోయాడు.

కోటిపల్లి_పాసింజరు
ఎడిటింగ్_బల్ల గారూ, ఊరు కల్పితమే, కాదన్నదెవరు? ఏరు కల్పితం కాదుగా. వశిష్ఠ అని నోటితో చెప్పించి, అంతర్వేది లైట్‌హౌస్ మీద డ్రోన్ తిప్పి, టిక్కెట్లు మాత్రం మాకు అమ్ముతారు. తప్పులు పట్టుకుంటే కల్పితం అంటారు.

అత్తిలి_అమ్మాజీ
రైలు సరేనండీ, ఆ యాస ఎవరు రాశారో గానీ వాళ్ళని మా ఇంటికి ఒకసారి భోజనానికి పంపండి. ప్రతి వాక్యానికీ చివర "ఆయ్" తగిలించేశారు. "ఆయ్" అనేది ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళయినప్పుడు, వాళ్ళ మాటకి ఒప్పుకుంటూ అంటాం. ఇందులో వ్యాపారి మనిషి పీక పిసుకుతూ "చచ్చిపో ఆయ్" అంటాడు. పక్కన మా అమ్మాయి నవ్వాపుకోలేక నీళ్ళ సీసా వొలకబోసింది.

శైలు_పాలకొల్లు
"చచ్చిపో ఆయ్" మా ఆఫీసులో రెండు రోజులుగా నడుస్తోంది. ఫైలు ఇచ్చినా అదే, సెలవు అడిగినా అదే.

సారథి_సిద్దిపేట
నేను తెలంగాణవాణ్ణి, మీ వైపు రెండుసార్లే వచ్చాను. నాకో అనుమానం. అమ్మవారి ఊరేగింపు సీన్లో ఆడవాళ్ళు బోనాలు ఎత్తుకుని వెళ్తారు. మీ దగ్గర కూడా బోనాలు ఉన్నాయా? ఉన్నా, కథ మే నెలలో కదా, మా బోనాలు ఆషాఢంలో. ఇంకా ఆ తాంత్రికుడు "బాణామతి" అంటాడు. అది మా మెదక్ వైపు మాట. మీ వాళ్ళు ఆ మాట అంటారా?

అత్తిలి_అమ్మాజీ
అనం బాబూ. చేతబడి అంటాం, ఇంకొంచెం పైకెళితే చిల్లంగి అంటారు. మా దగ్గర అమ్మవారికి గరగలు. తలమీద గరగ, అంటే అమ్మవారి కలశం, పెట్టుకుని డప్పుల దరువుకి ఆడతారు. చిన్నప్పుడు అర్ధరాత్రి మా వీధిలోకి గరగలు వస్తుంటే దూరంగా మువ్వల చప్పుడు వినపడేది. నేను మా నాయనమ్మ చీర కుచ్చిళ్ళలో దాక్కునేదాన్ని. భయమూ భక్తీ కలిసిన భయం అది. అంత సరుకు గుమ్మం ముందు ఉంటే వీళ్ళు హైదరాబాదు నుంచి బోనాలు పార్సిల్ తెచ్చుకున్నారు.

సారథి_సిద్దిపేట
మా బోనాలను కూడా మంచిగ చూపియ్యలేదు మేడం, మేమూ బాధితులమే.

వెండితెర_వీరుడు
మీకు సినిమా చూడ్డం రాదు. అయినదానికీ కానిదానికీ వంకలు. నాకు బాగా నచ్చింది. ఆ బావి సీన్లో నా పక్కనున్న మా బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఆయన ఆర్టీసీ డ్రైవరు, ఇరవై ఏళ్ళ సర్వీసు. భయపెట్టిందా లేదా? దెయ్యం సినిమాకి అది చాలదా? లాజిక్కులు కావాలంటే డాక్యుమెంటరీలు చూసుకోండి.

నైటుడ్యూటీ_నర్సమ్మ
వీరుడు గారూ, బావి సీన్లో నేనూ భయపడ్డా. కానీ దెయ్యానికైనా ఒక పద్ధతుండాలి కదా. మా అమ్మమ్మ చెప్పిన దెయ్యాలన్నిటికీ రూల్స్ ఉండేవి. రాత్రిపూట పేరు పెట్టి ఒకసారి పిలిస్తే పలక్కూడదు, మూడోసారి కూడా పిలిస్తేనే మనిషి. జేబులో ఇనుప ముక్క ఉంటే దగ్గరికి రాదు. చింతచెట్టు దాటితే వెంటపడదు. ఆ రూల్స్ తెలుసు కాబట్టే, ఎవరైనా రెండుసార్లు పిలిచి ఆగిపోతే గుండె జారిపోయేది.

ఈ సినిమాలో ఆత్మ మొదట ఏటి దగ్గరే తిరుగుతుంది. తర్వాత పోలీస్ స్టేషన్లోకి వస్తుంది. తర్వాత ఫోన్లోంచి మాట్లాడుతుంది. అమావాస్యకే వస్తుందన్నారు, క్లైమాక్సులో వెనకాల ఇంత పున్నమి చంద్రుడు. ఏదైనా చెయ్యగలిగిన దెయ్యం ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎందుకు ఆగింది? మా వార్డులో రిపోర్టు కోసం కూడా అంత సేపు ఆగరు.

భీమవరం_బుల్లోడు
"దెయ్యానికైనా ఒక పద్ధతుండాలి" అన్న మాట నేను వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటున్నా, మీ అనుమతి లేకుండా.

గోస్తనీ_గంగ
అసలు మే నెలలో ఆ కాలవ నిండుగా ఎలా పారుతోంది? దాళ్వా పంట అయిపోయాక ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు, మళ్ళీ సార్వా పంటకి జూన్లో వదులుతారు. మే నెల కాలవలో మా పిల్లలు క్రికెట్ ఆడతారు. ఇందులో హీరో వంతెన మీద నుంచి కాలవలోకి దూకుతాడు. నిజంగా దూకి ఉంటే కథ అక్కడితో అయిపోయేది, కాలు విరిగి.

పంటు_టికెట్
మేనే కదా, సముద్రంలోకి మరబోట్లు వరసగా వేటకెళ్తుంటాయి చూశారా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఎస్సై గట్టు మీద నిలబడి ఆ బోట్ల వంక సీరియస్‌గా చూస్తాడు. ముందు వాళ్ళ మీద కేసు రాయాల్సింది.

శైలు_పాలకొల్లు
వ్యాపారి ఇంట్లో పులస కూర కూడా మేలోనే. వరదకి ఎర్రనీరు రాకుండా పులస ఎక్కడిది?

నేలటికెట్టు_బాబ్జీ
ఫ్రిజ్‌లో పెట్టుకుని ఉంటాడు, డబ్బున్నవాడు.

అత్తిలి_అమ్మాజీ
ఫ్రిజ్‌లో పెట్టిన పులస తినేవాణ్ణి దెయ్యం చంపడంలో తప్పేం లేదు.

భీమవరం_బుల్లోడు
పులస ఎలా వండాలో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మట్టి కుండలో, ముందురోజే వండి...

మోడరేటర్
పులస కోసం వంటల విభాగంలో ఇప్పటికే నాలుగు థ్రెడ్లు ఉన్నాయి, నాలుగూ గొడవలతోనే మూతపడ్డాయి. ఇక్కడ సినిమా మాట్లాడండి.

లస్కరుగారబ్బాయి
చాలా రోజులుగా చదువుతున్నానే గానీ రాయను. ఈ విషయంలో రాయక తప్పదు. మా నాన్న లాకుల దగ్గర లస్కరుగా, అంటే షట్టర్లు ఎత్తి దించే పనిలో, చేసి రిటైరయ్యారు. నేను పుట్టింది లాకుల పక్కన క్వార్టర్సులోనే.

ఈ సినిమాలో లస్కరు పాత్ర అసలు దోషి అన్నట్టు చూపిస్తారు. 1986 ఆగస్టు వరదల్లో ఎవరో పెద్దమనిషి డబ్బిస్తే రాత్రికి రాత్రి ఒక్కడే వెళ్ళి లాకు తెరిచేశాడట, నీళ్ళొచ్చి ఆ పిల్ల మునిగిపోయిందట. ముందుగా, ఏటి మట్టం కాలవ మట్టం కన్నా పైకొచ్చిందంటే లాకులు బిగించడమే లస్కరు మొదటి పని. వరదొచ్చినప్పుడు లాకుల దగ్గర ఒక్కడే ఎప్పుడూ ఉండడు. ఊళ్ళో సగం మంది గట్టు మీదే ఉంటారు, ఇసుక బస్తాలు, లాంతర్లు పట్టుకుని, గట్టు ఎక్కడ ఊట పడుతోందో చూసుకుంటూ. 86లో మా నాన్న మూడు రాత్రులు ఇంటికి రాలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అన్నం గట్టు మీదికే పంపించేవాళ్ళు. అంతమంది కళ్ళు గప్పి ఒక్కడు షట్టరు ఎత్తాడంటే అది నిజంగా దెయ్యం పనే అయ్యుండాలి.

రెండోది షట్టరు. సినిమాలో చెయ్యి అలా ఊపితే లేస్తుంది. నేను తిప్పాను చిన్నప్పుడు, సరదాకి. ఆ హ్యాండిల్ తిప్పుతూ ఉంటే భుజాలు పోతాయి, షట్టరు మాత్రం వేలెడు లేస్తుంది. కీచుమనే ఆ చప్పుడు ఊరంతా వినపడుతుంది.

మూడోది, నన్ను బాగా నవ్వించింది. హ్యాండిల్ మీద గ్రీజు తాజాగా ఉందని లస్కర్ని అరెస్టు చేస్తాడు ఎస్సై. గోస్తనీ_గంగ గారు చెప్పినట్టు మేలో కాలవ కట్టేసి ఉంటుంది. షట్టర్లు బాగుచెయ్యడం, గ్రీజు పెట్టడం జరిగేదే అప్పుడు. మే నెలలో గ్రీజు ఉన్నందుకు కాదు, లేనందుకు మెమో ఇవ్వాలి.

కోటిపల్లి_పాసింజరు
ఈ థ్రెడ్‌కి ఇదొక్క పోస్టు చాలు. మీ నాన్నగారికి చూపించారా సినిమా?

లస్కరుగారబ్బాయి
చూపించలేదు. అరెస్టు సీను చూస్తే బాధపడతారు. ఓటీటీలో వచ్చాక ఆ ముక్క దాటించి చూపిస్తా.

వెండితెర_వీరుడు
సరే, లస్కరు సంగతి ఒప్పుకుంటా. కానీ మామూలు ప్రేక్షకుడికి గ్రీజు ఎప్పుడు పెడతారో ఎందుకు?

నైటుడ్యూటీ_నర్సమ్మ
తెలియక్కర్లేదు వీరుడు గారూ. కానీ గ్రీజుని ఆధారం అని చూపించింది వాళ్ళే కదా. మనం గుర్తుపెట్టుకున్నాం. ఆఖర్న దాన్ని ఏటిలో పారేశారు. నా బాధ అది. పొడుపుకథ వేసి, విప్పమని అడిగితే "దేవుడికే తెలుసు" అన్నట్టుంది.

పంటు_టికెట్
ఏటిలో పారేయడం అంటే గుర్తొచ్చింది. శవం ఎదురెక్కడం గురించి ఎవరూ మాట్లాడలేదేం? మాది వేటకెళ్ళే కుటుంబం, నరసాపురం వైపు. మనిషిని చంపింది దిగువన ఇటుకబట్టీ దగ్గర, శవం తేలింది ఎగువన రేవులో. "ప్రవాహానికి ఎదురెలా వచ్చింది?" అని ఎస్సై కళ్ళద్దాలు తీస్తాడు, వాయిద్యాలన్నీ ఒక్కసారి మోగుతాయి. హాల్లో మా వాళ్ళు నలుగురం ఒకేసారి "పోటు" అన్నాం.

సముద్రానికి అంత దగ్గర్లో ఏరు రెండు వైపులా నడుస్తుంది. దాదాపు ఆరు గంటలు పోటు, ఆరు గంటలు పాటు. పోటులో నీరు ఎగువకి ఎక్కుతుంది, పాటులో దిగువకి జారుతుంది. అమావాస్యకీ పున్నానికీ పోటు మరీ ఎక్కువ. వేసవిలో పైనుంచి వచ్చే నీరు తక్కువ కాబట్టి ఉప్పునీరు ఇంకా పైకి ఎగదన్నుతుంది. మే నెల, అమావాస్య, ఏటి మొగ దగ్గర! తెలిసి రాశాడో తెలియక రాశాడో గానీ, వాడు పెట్టుకున్న మూడూ సరిగ్గా కుదిరాయి. పోటు సమయం తెలిసినవాడే హంతకుడు అని ఒక్క ముక్క అంటే కథ ఎక్కడికో వెళ్ళిపోయేది. అది వదిలేసి "ఆత్మ మోసుకొచ్చింది" అన్నాడు.

గోస్తనీ_గంగ
నాకు ఒళ్ళు జలదరించింది ఇప్పుడు, సినిమాలో కాదు.

నైటుడ్యూటీ_నర్సమ్మ
పంటు_టికెట్ గారూ, బాగుంది గానీ ఒక చిక్కు. శవం ఆ రాత్రికే తేలదు. ముందు మునుగుతుంది, లోపల గాలి పట్టాక తేలుతుంది. ఎండాకాలమైనా ఒకటి రెండు రోజులు పడుతుంది. సినిమాలో తెల్లారేసరికి రేవులో ఉంది.

పంటు_టికెట్
అదీ నిజమే. అయితే దేనికైనా కట్టి వదలాలి. రెండు అరటి బోదెలు చాలు, మనిషిని మోస్తాయి.

శైలు_పాలకొల్లు
ఆగండాగండి. శవం మణికట్టుకి అరటినార చుట్టుకుని ఉంటుంది! ఎస్సై దాన్ని తీసి ప్లాస్టిక్ సంచిలో వేస్తాడు. నేను పూజారి మీద అనుమానం కోసం అనుకున్నా.

పంటు_టికెట్
అబ్బో. అయితే రాసినవాడికి పోటు సంగతి తెలుసు!

లంకగడ్డ_చిన్నోడు
పంటు టికెట్ ముక్క కూడా అందుకేనేమో. వ్యాపారి ఆ సాయంత్రం ఆఖరి పంటులో నరసాపురం వెళ్ళిపోయానని చెబుతాడు, టికెట్ చూపిస్తాడు. తెల్లారి శవం ఎగువన దొరికింది కాబట్టి రాత్రి అక్కడ లేనట్టు లెక్క. నిజానికి దిగువన పని ముగించి, బోదెలకి కట్టి, పోటుకి వదిలేసి ఆఖరి పంటు ఎక్కేశాడు. ఒరేయ్, ఇది మంచి కథ!

ఎడిటింగ్_బల్ల
ఇక దాచి లాభం లేదు. నేను ఆ సినిమాకి పనిచెయ్యలేదు, పనిచేసినవాళ్ళ దగ్గర విన్నది. మొదటి స్క్రిప్టులో దెయ్యం లేదట. దెయ్యం పుకారు అడ్డం పెట్టుకుని చంపే మనిషి కథ. సగం తీశాక డబ్బు పెట్టినవాళ్ళు "టైటిల్లో దెయ్యం కనిపిస్తోంది, తెర మీద దెయ్యం లేకపోతే జనం తంతారు" అన్నారట. సెకండాఫ్ మార్చారు. ఫస్టాఫ్‌లో పెట్టిన ఆధారాలు అలాగే మిగిలిపోయాయి. ఎవరికీ చెప్పకండి అనడానికి ఇది చర్చావేదిక, కాబట్టి అనను.

నేలటికెట్టు_బాబ్జీ
అంటే ఇంటర్వెల్లో లేచొచ్చిన నేనొక్కణ్ణే అసలు సినిమా చూశానన్నమాట.

వెండితెర_వీరుడు
ఇది నిజమైతే నాక్కూడా కోపం వస్తోంది. కానీ ఒకటి, చేలల్లో కొరివి దెయ్యాల సీను మాత్రం ఎవరూ తీసిపారేయలేరు. మాటల్లేవు, వాయిద్యాల్లేవు, చీకట్లో దీపాలు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోవడం. అది కూడా బాగాలేదంటే నేను ఈ థ్రెడ్ నుంచి వెళ్ళిపోతా.

అత్తిలి_అమ్మాజీ
ఉండు నాయనా, అది బాగుంది. అందరం ఒప్పుకుంటాం.

కోటిపల్లి_పాసింజరు
ఒప్పుకున్నాం. మా స్కూల్లో సైన్సు మాస్టారు కొరివి దెయ్యం అంటే చిత్తడిలో కుళ్ళిన చెత్త నుంచి పుట్టే మీథేన్ వాయువు అంటుకోవడం అని చెప్పేవారు. చెప్పి, ఆ దారిన ఇంటికి మాత్రం ఆయన చీకటి పడకముందే వెళ్ళిపోయేవారు.

పాత_పెట్రోమాక్సు
నా వయసు అరవై దాటింది, నేను చూసిన కొరివి దెయ్యాల అసలు రహస్యం చెబుతా. ఎనభైల మొదట్లో వానాకాలం రాత్రుళ్ళు చేలల్లో దీపాలు కదిలేవి. ఒకటి ఆగుతుంది, ఇంకోటి ముందుకెళ్తుంది, ఉన్నట్టుండి కిందికి వంగుతుంది. మా ఇంట్లో తలుపులు వేసుకుని దండకం చదివేవాళ్ళం. తర్వాత తెలిసింది, అవి కప్పలు పట్టేవాళ్ళ పెట్రోమాక్సు లైట్లు. అప్పట్లో కప్పకాళ్ళు విదేశాలకి ఎగుమతయ్యేవి. 1987లో ఆ ఎగుమతి నిషేధించారు. మా ఊరి దెయ్యాలు కూడా ఆ ఏడాదితో మాయమయ్యాయి.

ఫ్లాష్‌బ్యాక్ 1986లో పెట్టుకున్నాడు కదా ఈయన. పెట్రోమాక్సు ఒక్కటి చాలు, చూసేవాణ్ణి బోల్తా కొట్టించడానికి.

భీమవరం_బుల్లోడు
కేంద్ర ప్రభుత్వం దెయ్యాలను నిషేధించింది అని హెడ్డింగ్ పెట్టొచ్చు.

పాసర్లపూడి_పక్కూరు
కోనసీమలో గ్యాస్ గురించి మాట్లాడుతూ మా సంగతి వదిలేస్తే ఎలా? 1995 జనవరిలో పాసర్లపూడి గ్యాస్ బావి బ్లోఔట్ అయి అంటుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. రెండు నెలలకు పైగా మండింది. మా ఊరికి చీకటి పడటం మానేసింది. రాత్రి పెరట్లో కొబ్బరిచెట్ల నీడలు ఊగుతూ కనపడేవి, వెన్నెల నీడల్లా కాదు, ఎర్రగా. కోడిపుంజు వేళాపాళా లేకుండా కూసేది. నాయనమ్మ మాత్రం ఊరికి అరిష్టం అని రోజూ తులసికోట దగ్గర దీపం పెట్టేది. ఆ వెలుగులో ఆ చిన్న దీపం కనపడేదే కాదు, అయినా పెట్టేది.

మరుసటి ఏడాది నవంబరు 6 తుపాను. ఆ మర్నాడు తోటలో నిలబడితే ఆకాశం అంతా కనపడింది, చెట్లు లేవు. అప్పుడు నాయనమ్మ "చెప్పానా" అంది. ఏ దెయ్యం సినిమా చూసినా నాకు అంత భయం మళ్ళీ వెయ్యలేదు.

శైలు_పాలకొల్లు
ఏం రాయాలో తెలియట్లేదు. మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించా. 96 గురించి తనూ మొదలుపెట్టింది, అన్నం మాడిపోయింది.

సారథి_సిద్దిపేట
మీ ఊళ్ళల్ల ఇన్ని ఉంటే వాళ్ళు బంగళాల తెల్లదొర దెయ్యాన్ని ఎందుకు పెట్టినట్టు?

లస్కరుగారబ్బాయి
ఆ తెల్లదొర సంగతి ఇంకో కామెడీ. బంగళా 1830లో కాటన్ దొర కట్టాడని పూజారి చెబుతాడు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందే 1847లో, 1852కి పూర్తయింది. లాకులు లేకుండా లాకుల బంగళా దేనికి? అయినా ఈ నేల మీద కాటన్ దొర పేరుతో దెయ్యం అంటే ఎవరు భయపడతారు? చాలా ఊళ్ళల్లో ఆయన విగ్రహానికి దండ వేస్తారు. నిజంగా ఎదురైతే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, శివారు చేలకి నీళ్ళు రావట్లేదని ఒక అర్జీ కూడా.

లంకగడ్డ_చిన్నోడు
సరే, అన్నీ తేలాయి. పోటు తేలింది, నార తేలింది, టికెట్ తేలింది. చెప్పులు తేలలేదు. ఇవాళ మళ్ళీ వెళ్ళా, ఒక్కణ్ణే, ఇంట్లో చెప్పకుండా. ఈసారి జాగ్రత్తగా చూశా. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. ఫ్లాష్‌బ్యాక్‌లో ఆ పిల్ల గౌనుకి కూడా పిన్నీసు ఉంటుంది! అసలు స్క్రిప్టులో ఆ పిల్ల తండ్రి బతికే ఉన్నాడని, ఆ చెప్పులు ఆయనవేనని నా అనుమానం. కూతురి పిన్నీసు దాచుకున్నాడు. చెప్పులు ఊరి వైపు తిరగడం అంటే పగ తీర్చుకోడానికి ఊళ్ళోకి బయల్దేరాడని అర్థం.

గోస్తనీ_గంగ
అబ్బ! ఏడుపొచ్చింది. ఇది ఆ డైరెక్టరుకి ఎవరైనా పంపండి.

వెండితెర_వీరుడు
ఒప్పుకున్నా. ఈ లెక్కన అది గొప్ప సినిమా. చెప్పలేకపోయారంతే.

ఎడిటింగ్_బల్ల
పిన్నీసు... నాకూ ఇప్పుడు అనుమానంగా ఉంది. కంటిన్యుటీ తప్పన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

గట్టుమీద_గణపతి
ఇందాకే చేరాను, ఈ థ్రెడ్ కోసమే. ఆ రేవు మాది. ఊరి పేరు అడగొద్దు.

ఆ చెప్పులు మా చిన్నాన్నవి. షూటింగ్ రోజు పొద్దున్నే రోజూలాగే స్నానానికి దిగాడు. చెప్పులు మెట్టు మీద వదిలి దిగితే అవి ఏటి వైపే కదా ఉంటాయి. ఈలోగా వీళ్ళు వ్యాన్లు వేసుకొచ్చి కెమెరా పెట్టేశారు. చిన్నాన్న బయటికొస్తుంటే మైకులో "ఎవరూ ఫ్రేములోకి రావద్దు, కదలొద్దు" అని అరిచారు. ఆయన అసలే మొహమాటస్తుడు, గోచీతో ఉన్నాడు. మెడలోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు, గంటన్నర. మధ్యలో లైట్లు మోసే కుర్రాడు ఒకడు చెప్పులు అడ్డమని కాలితో తోశాడు, అవి ఊరి వైపు తిరిగాయి. పిన్నీసు మా పిన్ని పెట్టింది, కొత్తవి కొనుక్కోమంటే వినడని.

చిన్నోడు గారు కుడివైపు చూసిన నాలుగో శవం కూడా ఆయనే. ఇప్పటికీ జలుబు తగ్గలేదు.

భీమవరం_బుల్లోడు
శవానికి జలుబు. ఇక నేను నిద్రపోవచ్చు.

అత్తిలి_అమ్మాజీ
మిరియాల కషాయం ఇమ్మనండి మీ పిన్నిగారిని. గంటన్నరా! కనీసం భోజనమైనా పెట్టారా వాళ్ళు?

గట్టుమీద_గణపతి
రెండు ఇడ్లీలు, ఒక టీ ఇచ్చారండి. సినిమాకి తీసుకెళితే తన తల కనపడగానే లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమని అరిచారు. తర్వాత సినిమా అంతా బాగుందన్నాడు.

లంకగడ్డ_చిన్నోడు
ఇన్ని టికెట్లు, ఒక పిన్నీసు, రెండు రాత్రుల నిద్ర. మీ చిన్నాన్నకి నా నమస్కారాలు చెప్పండి.

చెప్పుల సంగతి ఇప్పుడే మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, "బాగానే ఉంది, మరి మొదటి ముగ్గుర్నీ చంపిందెవరు?" అంది. పోటు గురించి మొదలుపెట్టాను. "దెయ్యం ఉన్న సినిమాలోనా, లేని సినిమాలోనా?" అంది. ఎవరైనా సాయం పట్టండి.